దించబడిన ఇనుము, దించబడిన మందు

 

ఒక జుమా నమాజు ముగిశాక మా మొహల్లాకు చెందిన ఒక యువకుడు నా దగ్గరికి వచ్చాడు. దుబాయిలో ఉద్యోగం. సెలవు మీద ఇంటికొచ్చాడు. జేబులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, మూత విప్పి, నా అరచేతిలో ఒక నల్లటి ముక్క పెట్టాడు. ఉసిరికాయ కన్నా చిన్నది. కానీ చేతిలో పడగానే బరువు తెలిసింది. "హజ్రత్, ఇది ఆకాశం నుంచి పడిన ఇనుము. ముప్పై ఎనిమిది గ్రాములు. రష్యాది" అన్నాడు.

అలాంటివి సేకరించడం అతనికి కొన్నేళ్లుగా అలవాటట. అతను అడగదలచింది మాత్రం తన అలవాటు గురించి కాదు. వాళ్ల అన్న కొడుక్కి ఆరేళ్లు. రెండేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. డాక్టరు మాత్రలు రాశాడు, పూటకొకటి వేయాలి. ఈ ముక్క ఇంటికి వచ్చిన రోజే దాదీమా దాన్ని కళ్లకద్దుకుంది. "అల్లాహ్ ఖుర్‌ఆన్‌లో ఇనుమును దించానని చెప్పాడు కదా బేటా, ఇది అదే. కంసాలి దగ్గర చిల్లి వేయించి బాబు మెడలో కడదాం, ఆ మాత్రలు పిల్లాణ్ణి మత్తుగా చేస్తున్నాయి, ఆపేద్దాం" అంది. ముక్కతోపాటు అమ్మినవాడు ఇచ్చిన కాగితంలో కూడా, ఇది ఫలానా చోట పడిన ఉల్క అని రాసిన తర్వాత, దిష్టినీ జిన్నాతులనూ దూరం పెడుతుందని ఒక వాక్యం ఉంది. ఆ కాగితంలో మొదటి మాట నిజం. రెండో మాట అబద్ధం. ఒకే సిరాతో, ఒకే వరుసలో.

దాదీమాను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. మనవడు నేలమీద పడి కొట్టుకుంటుంటే చూసిన గుండె అది. కానీ ఆమె ఒక వాక్యాన్ని ఆధారంగా చూపింది కాబట్టి, ఆ వాక్యం దగ్గరికే వెళ్లాలి. దానికంటే ముందు ఆ ఇనుప ముక్కను కూడా సరిగ్గా చూడాలి. ఎందుకంటే ఆమె దాన్ని కళ్లకద్దుకుంది గానీ, కళ్లతో చూడలేదు.

చేతిలో ఉన్నది ఏమిటి?

1947 ఫిబ్రవరి 12న, ఉదయం పదిన్నర ప్రాంతంలో, అప్పటి సోవియట్ దేశపు తూర్పు కొసన సిఖోటే-ఆలిన్ అనే కొండల మీద ఒక అగ్నిగోళం ఆకాశాన్ని చీల్చుకుంటూ దిగింది. పట్టపగలే సూర్యుడిని మించి మెరిసిందని చూసినవాళ్లు చెప్పారు. అది వెళ్లిన దారిలో ముప్పై కిలోమీటర్లకు పైగా పొగచార ఏర్పడి, గంటల తరబడి కరగకుండా నిలిచింది. ఆ సమయంలో ఇమాన్ అనే ఊళ్లో మెద్వెదేవ్ అనే చిత్రకారుడు బొమ్మ గీయడానికి కూర్చుని ఉన్నాడు. ఆయన ఆ దృశ్యాన్నే గీశాడు. పదేళ్ల తర్వాత, 1957లో, సోవియట్ ప్రభుత్వం ఆ చిత్రాన్ని తపాలా బిళ్లగా వేసింది. మంచు కప్పిన అడవిలో నూటికి పైగా గుంటలు పడ్డాయి. అన్నిటికంటే పెద్దది ఇరవై ఆరు మీటర్ల వెడల్పు. దొరికిన ముక్కల్లో అన్నిటికంటే పెద్దది 1745 కిలోలు. చిన్నవైతే వేలల్లో దొరికాయి. ఈ యువకుడి డబ్బాలో ఉన్నది అలాంటి చిన్నవాటిలో ఒకటి.

అవి రెండు రకాలుగా దొరుకుతాయి. కొన్ని ముక్కలు భూమికి ఇంకా చాలా ఎత్తున ఉండగానే విడిపోయి, ఒంటరిగా గాలిని చీల్చుకుంటూ వచ్చాయి. మరికొన్ని కిందికి వచ్చాక పేలి చీలిపోయాయి. ఇవి చిరిగిన రేకుల్లాగా, మెలితిరిగి, అంచులు కోసుకునేలా ఉంటాయి. మొదటి రకం వాటికి ఆ అంచులు ఉండవు. వాటి ఒంటి నిండా గుంటలుంటాయి. రొట్టెల పిండి కలిపాక ముద్ద మీద బొటనవేలితో అక్కడక్కడా నొక్కి చూడండి, సరిగ్గా అలాగే. సెకనుకు పది కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తుంటే ముందున్న గాలి నలిగి మండిపోతుంది. ఆ మంటగాలి సుడులు తిరుగుతూ ఇనుము పైపొరను కరిగించి ఊడ్చుకుపోతుంది. ఎక్కడ ఎక్కువ ఊడ్చిందో అక్కడ గుంట. గుంటకూ గుంటకూ మధ్య నున్నటి గట్టు.

నేను ఆ ముక్కను కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాను. ఒక పక్క గుంటలు లోతుగా లేవు, ముఖం నున్నగా ముందుకు ఉబ్బి ఉంది. రెండో పక్క అంచు చుట్టూ సన్నటి పెదవిలా కరిగిన ఇనుము వెనక్కి మడిచినట్టుంది. ఆ యువకుడే చెప్పాడు, ఉబ్బిన పక్క ముందుకు పెట్టి, తలకిందులు కాకుండా, అలాగే నిలకడగా వచ్చిందని. భూతద్దం ఇచ్చాడు. దానిలో చూస్తే వెంట్రుకలంత సన్నటి గీతలు, ఉబ్బిన ముఖం నుంచి వెనక్కి జారుతూ, పాకం జారినట్టు గడ్డకట్టి కనిపించాయి. కొన్ని క్షణాలు మాత్రమే సాగిన ప్రయాణపు గుర్తులు అవి. అంత మంటలో వచ్చినా ఆ వేడి ఇనుము లోపలికి కొద్ది మిల్లీమీటర్లకు మించి చేరదట. లోపల అది దిగిరాక ముందు ఎంత చల్లగా ఉందో అలాగే ఉంటుంది.

ఇక లోపలి సంగతి మరీ విచిత్రం. ఇలాంటి ఇనుములో సుమారు తొంభై మూడు పాళ్లు ఇనుము, ఆరు పాళ్లు నికెల్. కోసి, నునుపు చేసి, పలుచటి ఆమ్లం పూస్తే చాలా ఉల్కలలో పట్టీలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ చాప అల్లికలాగా బయటపడతాయి. ఇనుము, నికెల్ కలిసిన ముద్ద అత్యంత నెమ్మదిగా చల్లారితేనే ఆ పట్టీలు పెరుగుతాయి. ఎంత నెమ్మదిగా? చాలావాటిలో పది లక్షల సంవత్సరాలకు కొన్ని పదుల డిగ్రీలు, కొన్ని వందల డిగ్రీలు మాత్రమే. మన భూమి మీద ఏ కొలిమిలోనూ దాన్ని తయారు చేయలేరు. ఎవరి దగ్గరుంది అంత ఓపిక!

దించామంటే అర్థం ఏమిటి?

ఇప్పుడు దాదీమా చూపిన వాక్యం. దివ్యఖుర్‌ఆన్‌లో ఇనుము పేరుతోనే ఒక సూరా ఉంది, అల్ హదీద్. దాని 25వ ఆయతులో అల్లాహ్ తన ప్రవక్తలను స్పష్టమైన నిదర్శనాలతో పంపానని, వారితో గ్రంథాన్నీ త్రాసునూ దించానని, ప్రజలు న్యాయం మీద నిలబడాలని చెప్పి, ఆ వెంటనే ఇనుమును కూడా దించానని, దానిలో గొప్ప బలమూ ప్రజలకు ప్రయోజనాలూ ఉన్నాయని తెలియజేశాడు.

మన కాలంలో కొందరు వక్తలు ఈ ఆయతు రాగానే గొంతు పెంచి, ఇదిగో విజ్ఞానశాస్త్రం ఇప్పుడు కనుక్కున్నది ఖుర్‌ఆన్ ముందే చెప్పేసిందని అంటారు. ఇనుము పరమాణువులు భారీ నక్షత్రాల గర్భంలోనూ, నక్షత్రాలు పేలినప్పుడూ తయారయ్యాయన్నది, మన భూమిలోని ఇనుమంతా ఆ విధంగా అంతరిక్షపు పదార్థం నుంచే వచ్చిందన్నది నిజమే. విశ్వాసికి అది విని సంతోషం కలగడం సహజం. కానీ నా మట్టుకు నేను ఆ గొంతు పెంచడానికి భయపడతాను. ఎందుకో చెబుతాను. ఇదే 'దించాము' అన్న మాటను అల్లాహ్ అజ్ జుమర్ సూరా 6వ ఆయతులో పశువుల గురించి కూడా వాడాడు. ఎనిమిది ఆడ మగ పశువులను మన కోసం దించానన్నాడు. అల్ ఆరాఫ్ సూరా 26వ ఆయతులో ఒంటిని కప్పే దుస్తుల గురించి అదే మాట వాడాడు. మేకలు ఆకాశం నుంచి పడలేదు. చొక్కాలూ పడలేదు. పూర్వపు వ్యాఖ్యాతలలో చాలామంది ఇక్కడ దించడమంటే సృష్టించి మనకు ప్రసాదించడమని వివరించింది అందుకే. అల్ హిజ్ర్ సూరా 21వ ఆయతు భావం దీన్ని ఇంకా విప్పి చెబుతుంది. ప్రతి వస్తువు ఖజానాలూ అల్లాహ్ దగ్గరే ఉన్నాయి, ఆయన దాన్ని ఒక నిర్ణీత కొలతతోనే దించుతాడు.

కాబట్టి గొర్రె కూడా దించబడినదే, ఒంటి మీద బట్టా దించబడినదే, వంటింట్లో అట్లకాడలోని ఇనుమూ దించబడినదే. ఈ నల్లటి ముక్క కళ్లముందే పడింది గనుక మనకు విడ్డూరం. దాని విడ్డూరం నిజమైనదే, కానీ దానివల్ల దానికి కొత్తగా ఏ శక్తీ రాలేదు.

మెడలో కట్టే విషయం

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. ఒక రాత్రి దైవప్రవక్త (సల్లం) సహచరులతో కూర్చుని ఉండగా ఒక ఉల్క రాలి మెరిసింది. అజ్ఞానకాలంలో ఇలాంటిది చూసినప్పుడు ఏమనేవారని ఆయన అడిగారు. ఈ రాత్రి ఎవరో గొప్పవాడు పుట్టాడనో, గొప్పవాడు చనిపోయాడనో అనుకునేవాళ్లమని వారు చెప్పారు. ఎవరి చావుకో పుట్టుకకో అది విసరబడదని ఆయన స్పష్టం చేశారు. గమనించండి! ఆకాశంలో రాలుతుండగానే మన అదృష్ట దురదృష్టాలతో దానికి సంబంధం లేదని తేల్చి చెప్పబడింది. మరి చల్లారి, తుప్పుపట్టి, డబ్బాలోకి చేరాక ఎక్కడి నుంచి వస్తుంది సంబంధం?

భూమి మీద ముస్లిములు ముద్దుపెట్టుకునే ఒక రాయి ఉంది, హజరె అస్వద్. అది కూడా ఉల్కే అని కొందరు ఊహించి రాశారు గానీ, అలా తేల్చిన పరీక్ష ఏదీ లేదు, మనకు ఆ అవసరమూ లేదు. హజ్రత్ ఉమర్ (రజి) దాని ఎదుట నిలబడి, నువ్వొక రాయివి, నష్టమూ చేయలేవు, లాభమూ చేయలేవు, దైవప్రవక్త ముద్దుపెట్టుకోవడం చూడకపోతే నేను నిన్ను ముద్దుపెట్టుకునేవాణ్ణి కాదన్న భావంతో పలికారని సహీహ్ బుఖారీలో ఉంది. కాబా గోడలోని రాయి గురించే అలా అన్నప్పుడు, సైబీరియా దాటి వచ్చిన ముప్పై ఎనిమిది గ్రాముల ఇనుము గురించి ఏమనాలి?

తాయెత్తు వేలాడదీసినవాడు షిర్క్‌కు పాల్పడ్డాడన్న హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఇంకొకటి కూడా అక్కడా, ఇబ్ను మాజాలోనూ ఉంది. ఒక వ్యక్తి చేతికి ఇత్తడి కడియం కనిపిస్తే, ఇదేమిటని దైవప్రవక్త (సల్లం) అడిగారు. ఒంటి నొప్పి కోసమని అతను చెప్పాడు. తీసేయి, అది నీకు బలహీనతనే పెంచుతుందన్నారు. ఈ రెండో హదీసు పరంపర గురించి ముహద్దిసులలో చర్చ ఉంది. అయితే చెప్పిన సంగతి మాత్రం మన కళ్ల ముందే జరుగుతోంది. తాయెత్తు మీద ఆశ పెట్టుకున్న ఇంట్లో మొదట ఆగిపోయేది మాత్రే.

ఆ యువకుడితో నేను ఇక్కడే ఆగాను. ఎందుకంటే దాదీమాకు నిజంగా చెప్పవలసిన హదీసు ఇది కాదు. సహీహ్ బుఖారీలోని వైద్య అధ్యాయం మొదట్లోనే ఉన్నది వేరే ఒకటి. అల్లాహ్ ఏ రోగాన్నీ దానికి మందును దించకుండా దించలేదని దైవప్రవక్త (సల్లం) చెప్పారు. అరబీలో చూడండి, ఇక్కడ కూడా అదే మాట, దించాడు. ఇనుమును దించినవాడే మందును కూడా దించాడు. దాదీమా ఒక దించబడినదాన్ని పిల్లాడి మెడలో కట్టాలనుకుంది, ఇంకో దించబడినదాన్ని చెత్తబుట్టలో వేయబోయింది. మాత్రలు మత్తు తెస్తున్నాయన్న ఆమె మాట నిజమే కావచ్చు. అది డాక్టరుతో చెప్పవలసిన మాట. మోతాదు మార్చడమో, మందు మార్చడమో ఆయన చేస్తాడు. ఫిట్స్ మందును ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉందని ఏ డాక్టరైనా చెబుతాడు.

మన పూర్వీకులు ఏం చేశారు?

సేకరించడమే తప్పా అని ఆ యువకుడు బెరుగ్గా అడిగాడు. కాదు బేటా అన్నాను. ఆకాశాల, భూమి సృష్టిలో బుద్ధిమంతులకు సూచనలున్నాయని, వారు నిలబడి, కూర్చుని, పడుకుని కూడా అల్లాహ్‌ను స్మరిస్తారని, ఆ సృష్టి గురించి ఆలోచిస్తారని ఆలె ఇమ్రాన్ సూరా చివరి భాగంలో ఉంది. భూతద్దం పెట్టి చూడటం ఆలోచనలో ఒక భాగమే, చూసినదాన్ని సృష్టికర్త వైపు తిప్పుకుంటే.

మన చరిత్రలో దీనికి మంచి ఉదాహరణ ఒకటుంది. 1621 ఏప్రిల్‌లో పంజాబులోని జలంధర్ దగ్గర ఒక పల్లెలో పెద్ద శబ్దంతో ఆకాశం నుంచి వెలుగు పడింది. ఆ పరగణా ఆమిల్ ముహమ్మద్ సయీద్ స్వయంగా వెళ్లి, కాలిన నేలను తవ్వించి, ఒక ఇనుప ముద్దను బయటికి తీయించి బాదుషా జహంగీర్‌కు పంపాడు. జహంగీర్ తన ఆత్మకథలో దీన్ని వివరంగా రాసుకున్నాడు. తన ముందే తూకం వేయించాడు, 160 తోలాలు, అంటే రెండు కిలోలకు కొంచెం తక్కువ. కొలిమిలోంచి తీసినట్టు వేడిగా ఉందని కూడా అందులో ఉంది. అంత చిన్న ముద్ద అంత వేడిగా ఉండదని ఇప్పటి శాస్త్రజ్ఞులు అంటారు, ఆ సంగతి అలా ఉంచుదాం. బాదుషా దాన్ని తాయెత్తుగా చేయించలేదు, దర్గాకు పంపలేదు. ఉస్తాద్ దావూద్ అనే కమ్మరిని పిలిపించి, కత్తులు చేయమన్నాడు. సుత్తి దెబ్బకు అది నిలవలేదు, ముక్కలైపోయింది. అప్పుడు మూడు పాళ్ల ఆకాశపు ఇనుములో ఒక పాలు మామూలు ఇనుము కలిపి, రెండు ఖడ్గాలు, ఒక కత్తి, ఒక బాకు చేశారు. ఆ కత్తి అమెరికాలోని వాషింగ్టన్‌లో ఫ్రీయర్ మ్యూజియంలో ఉంది.

ఆ కమ్మరి పేరు చూసి నాకు నవ్వొచ్చింది. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తగా చేశాడని సబా సూరాలో ఉంది. ఆయన పేరు పెట్టుకున్న ఈ ఉస్తాద్ చేతిలో ఆకాశపు ఇనుము పొడిపొడి అయింది. చివరికి మట్టిలోంచి తీసిన ఇనుము సాయం కావలసి వచ్చింది.

అరేబియాలోనూ ఒక కథ ఉంది. రుబ్ అల్ ఖాలీ ఎడారిలో అల్ హదీదా అనే చోటు ఉందని, అక్కడ ఒంటె అంత ఇనుము ఉందని, ఆదు జాతి రాజు దుర్మార్గానికి ఆకాశం నుంచి నిప్పు కురిసి అతని పట్టణం కాలిపోయిందని బెదూయిన్లు చెప్పుకునేవారు. ఇస్లాం స్వీకరించిన ఆంగ్లేయుడు అబ్దుల్లాహ్ ఫిల్బీ 1932లో ఆ పట్టణం కోసం వెతుకుతూ వెళ్లాడు. పట్టణం లేదు. ఇసుకలో పెద్ద గుంటలు, నల్లటి గాజు పూసలు, కొద్దిగా ఇనుము. ఆ పూసలు కాలిపోయిన రాణివాసపు స్త్రీల ముత్యాలని అతని వెంట వచ్చినవాళ్లు ఏరుకున్నారట. అగ్నిపర్వతమేమో అనుకున్నాడు ఫిల్బీ. లండన్‌లో ఆ ఇనుమును పరీక్షించాక ఉల్క అని తేలింది. పూసలు ఆ దెబ్బకు కరిగిన ఇసుకే. తర్వాత 1960వ దశకంలో నిజంగానే రెండు వేల కిలోలకు పైబడిన ముద్ద ఇసుకలో బయటపడింది. బెదూయిన్ల కథలో ఇనుము నిజమైంది, పట్టణం కాలేదు. అల్లాహ్ శిక్ష ఫలానా చోట ఇలా దిగిందని మనం సొంతంగా చెప్పేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో!

త్రాసు

అల్ హదీద్ సూరాలో ఇనుము కంటే ముందు త్రాసు దిగిందని మరచిపోవద్దు. ఇలాంటి ముక్కలు గ్రాముల లెక్కన అమ్ముడవుతాయి, అందుకే మోసమూ ఎక్కువే. ఫ్యాక్టరీ కొలిమి చిట్టెం, నల్లటి ఇనుపరాయి ఉల్కలంటూ చెలామణీ అవుతాయి. అయస్కాంతం అంటుకుంటే చాలనుకోవద్దు, చిట్టెం కూడా అంటుకుంటుంది. లోపల బుడగలు కనిపిస్తే అనుమానించాలి. నునుపు చేయని పింగాణీ మీద గీస్తే ఎర్రటి గీత పడితే అది చాలావరకు మన నేలలోని ఇనుపరాయే. నికెల్ ఉందో లేదో పరీక్ష చేయిస్తే గానీ నమ్మకం కుదరదు. తుప్పును తీగబ్రష్‌తో గీకి మెరిపించిన ముక్కలూ ఉంటాయి. గీకితే పైనున్న నల్లటి పొర, దానితోపాటు ఆ సన్నటి గీతలు పోతాయి. అమ్మేవాడు ఆ సంగతి చెప్పి అమ్మాలి. ధాన్యపు రాశిలో చేయి పెట్టి అడుగున తడి పట్టుకున్న దైవప్రవక్త (సల్లం), ఆ తడిని ప్రజలకు కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. మోసగించేవాడు మావాడు కాదన్నారు. తడి ధాన్యానికి వర్తించినది గీకిన ఇనుముకూ వర్తిస్తుంది. దిష్టి తీస్తుందని రాసిన కాగితానికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మీ పొలంలో ఎప్పుడైనా అలాంటిది దొరికితే మన దేశంలో వాటిని భద్రపరిచే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది, వారికి తెలియజేయండి.

ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను. దాదీమా చాయ్ తెచ్చి పెట్టింది. బుఖారీ హదీసు చెప్పినప్పుడు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "ఆ మాత్ర కూడా దించిందేనా హజ్రత్?" అని అడిగింది. అవునన్నాను. మనవడి కోసం చదవడానికి ఏదైనా చెప్పమంది. దైవప్రవక్త (సల్లం) రోగి మీద చేయి ఉంచి చేసిన దుఆ నేర్పాను. అందులో రోగం తొలగించేది మనుషుల ప్రభువే అని ఉంటుంది. మర్నాడు ఆ పిల్లాడి నాన్న మత్తు సంగతి డాక్టరుకు చెప్పడానికి వెళ్లాడు.

ఇనుము ముక్కకు చిల్లి పడలేదు. చెమట చేతులతో తాకితే తుప్పు పడుతుందని ఆ యువకుడు దాన్ని గుడ్డతో తుడిచి, తేమ పీల్చే పొట్లంతో పాటు గాజు సీసాలో పెట్టి పుస్తకాల అర మీద ఉంచాడు. నేను బయలుదేరుతుంటే పిల్లాడు సీసాను కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, గుంటలు లెక్కపెడుతూ, పదకొండు దగ్గర తప్పి మళ్లీ మొదలుపెట్టాడు.